విందుశాలలో వినికిడి

నగరంలో ఎవరి పుట్టినరోజుకైనా హోటలు ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ మొదట అడిగే ప్రశ్న, అక్కడ ఏమి బాగుంటుంది అని. రెండో ప్రశ్న, ఎంత అవుతుంది అని. పుట్టినరోజు జరుపుకునేవారు వయసు మళ్ళినవారైతే ఈ రెండింటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికే నాకు అది ముందే తట్టవలసింది. తట్టలేదు. ఎట్లా తెలిసి వచ్చిందో చెబుతాను.

ఆరు నెలల కిందట హైదరాబాదులో మా అక్కయ్య కొడుకు పదో పుట్టినరోజు విందు జరిగింది. కొత్తగా కట్టిన పెద్ద భవనంలో పేరు మోసిన హోటలు. చుట్టూ అద్దాల గోడలు, కింద అద్దంలా మెరిసే గ్రానైటు, పొడుగాటి బల్ల. దాని చుట్టూ మేము పధ్నాలుగుమందిమి. బల్ల చివర, పెద్దరికం కొద్దీ, మా నాన్నగారిని కూర్చోబెట్టాము. ఆయన హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. నలుగురిలో కూర్చుంటే మాటకు మాట అందించే మనిషి. ఆ రాత్రి మాత్రం అందరివంకా చూసి చిరునవ్వు నవ్వుతూ కూర్చున్నారు. అక్కయ్య ఆయన పళ్ళెంలో అన్నం వడ్డిస్తూ "చాలా, నాన్నా?" అని అడిగింది. "పాలా? ఇప్పుడెందుకమ్మా, పడుకునేముందు తాగుతాను" అన్నారు ఆయన. పిల్లలు పడి పడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఇంటికి వచ్చాక అమ్మతో, "పిల్లలు దేనికి అంతగా నవ్వారే?" అని అడిగారట.

ఆయనకు డెబ్భై నిండే రోజు దగ్గరికి వచ్చింది. భీమరథశాంతి పొద్దున ఇంట్లోనే చేయించాలనీ, రాత్రికి మాత్రం బయట విందు చెయ్యాలనీ అనుకున్నాము. (సహస్రచంద్ర దర్శనానికి ఇంకా చాలా వ్యవధి ఉన్నది. పున్నమికీ పున్నమికీ మధ్య 29.53 రోజులు కాబట్టి, వెయ్యి పున్నములు గడవడానికి 29,530 రోజులు, అంటే సుమారు 80 ఏళ్ళ 10 నెలలు పడుతుంది.) హోటలు ఎక్కడ అన్న చర్చ మొదలైంది. మా బావగారు సెల్‌ఫోను తీసి, నాలుగున్నర నక్షత్రాలు వచ్చిన హోటళ్ళ పేర్లు వరసగా చదివారు. ఆ నక్షత్రాలు వేసినవారెవరు? ఎక్కువమంది పాతికేళ్ళవారు, ముప్ఫై ఏళ్ళవారు. వేలమంది వేసిన మార్కుల సగటు నమ్మదగినదే కావచ్చు. కాని అది వారి నాలుకకూ వారి చెవికీ సగటు. డెబ్భై ఏళ్ళ చెవి ఆ లెక్కలో దాదాపు లేనేలేదు. అందుకని హోటలు ఎంపిక నాకు వదిలిపెట్టమన్నాను.

ముందు చెవి సంగతి చూద్దాము. శబ్దతరంగాలు కర్ణభేరిని కదిలిస్తే, ఆ కదలిక మూడు చిన్న ఎముకల మీదుగా లోపలిచెవికి చేరుతుంది. అక్కడ నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొని ఉన్న కర్ణావర్తంలో రోమకణాలు అనేవి బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్క చెవిలో సుమారు 15 వేలు. ఇవి కదలికను నాడీ సంకేతంగా మారుస్తాయి. వీటికి పని విభజన ఉన్నది. గుల్ల మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలకు, అంటే ఎక్కువ పౌనఃపున్యం గలవాటికి స్పందిస్తాయి. లోపలి కొసన ఉన్నవి మంద్ర శబ్దాలకు స్పందిస్తాయి. మనిషిలో రోమకణం ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టదు. వయసుతోబాటు వచ్చే నష్టం సాధారణంగా గుల్ల మొదటినుంచే, అంటే కీచు శబ్దాల వైపునుంచే ఆరంభమవుతుంది.

ఇప్పుడు మన మాటను చూడండి. అచ్చులు గొంతులోని తంత్రుల కంపనంతో, నిండుగా పలుకుతాయి. వాటి బలంలో ఎక్కువ భాగం 1,000 హెర్ట్జ్‌లకు లోపే ఉంటుంది. హల్లులలో క, చ, ట, త, ప అనే పరుషాలూ, శ, ష, స అనే ఊష్మాలూ తంత్రుల కంపనం లేకుండా, కేవలం గాలి ఒత్తిడితోనూ రాపిడితోనూ పుడతాయి. వాటి బలం చాలా తక్కువ. వాటిలో చాలావాటి ఆనవాలు 2,000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. స కారం రాపిడైతే 4,000 నుంచి 8,000 హెర్ట్జ్‌ల దాకా పోతుంది. కాబట్టి వయసు వచ్చిన చెవికి మాట చిన్నదిగా వినిపించదు, హల్లులు రాలిపోయి వినిపిస్తుంది. పెద్దవాళ్ళు "వినపడుతున్నది కాని తెలియడం లేదు" అనడం ఇందుకే. మనమేమో గొంతు పెంచి అరుస్తాము. అరిస్తే పెరిగేది ముఖ్యంగా అచ్చుల బలమే.

ఇందులో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మనది అజంత భాష. మాట చివర ఎప్పుడూ నిండైన అచ్చు ఉండి, ఏదో ఒక మాట వినిపించినట్లే ఉంటుంది. పాలు, కాలు, చాలు, తాలు: ఈ నాలుగింటిలోనూ అచ్చులు అవే, చివరి 'లు' అదే. తేడా అంతా మొదటి పరుషంలో, అదీ సెకనులో కొన్ని వందల వంతుల కాలంలో ముగిసిపోతుంది. ఆ చిన్న చప్పుడు గోలలో మునిగిపోతే మిగిలేది "ఆలు". దాని ముందు ఏ హల్లు పెట్టాలో మెదడు ఊహించుకుంటుంది. మా నాన్నగారు ఊహించుకున్నది ప కారం. ఈ సంగతి ఆయనకు చెబితే కాసేపు ఆలోచించి, "అచ్చులను ప్రాణాలంటారు, హల్లులను ప్రాణులంటారు కదరా, నాకు ప్రాణాలు మిగిలాయి, ప్రాణులే పోతున్నాయన్న మాట" అన్నారు. నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పిన మనిషి.

ఇంట్లో ఆయన బాగానే వింటారు. హోటలులో వినలేకపోయారు. తేడా ఎక్కడున్నది?

శబ్దతీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు. ఇది మెట్ల లెక్క: 10 డెసిబెల్లు పెరిగితే తీవ్రత 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. ఒక మీటరు దూరాన మామూలుగా మాట్లాడే మాట సుమారు 60 డెసిబెల్లు. రద్దీగా ఉన్న విందుశాలలో గోల 75 నుంచి 85 దాకా ఉండటం సాధారణం. మాటా గోలా సమానంగా ఉన్నా, ఆరోగ్యమైన చెవి గల యువకుడు చెప్పిన విషయం గ్రహించగలడు. రెండు చెవులకూ అందే శబ్దంలోని తేడాలను బట్టి, ఒక దిక్కు నుంచి వచ్చే గొంతును మిగతావాటి నుంచి విడదీసుకునే శక్తి మెదడుకు ఉన్నది. 1953లో కోలిన్ చెర్రీ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు దీనిని ప్రయోగాలతో పరిశీలించాడు. వినికిడి తగ్గిన పెద్దవారిలో ఈ శక్తి కూడా తగ్గుతుంది. మాట గోలకంటె కొన్ని డెసిబెల్లు పైకి తేలితే తప్ప వారికి అందదు. వినికిడి యంత్రం పెట్టుకోవచ్చు కదా అంటారు. తప్పక పెట్టుకోవలసిందే, కాని అది మాటతోబాటు గోలను కూడా పెంచుతుంది. ఎదుటి దిక్కు శబ్దాన్ని ఎక్కువగా పట్టే యంత్రాలు వచ్చాయిగాని, అవి కూడా గోలను పూర్తిగా తీసివేయలేవు.

అయితే ఆ గోల ఎక్కడినుంచి వస్తున్నది? పాటల పెట్టె నుంచి కొంత, వంటగది నుంచి కొంత. ఎక్కువ భాగం మననుంచే. మన మాటలు గోడలకు తగిలి తిరిగి వచ్చి, పోకుండా అక్కడే తిరుగుతుంటాయి. దీనినే ప్రతినాదం అంటారు. దీని లెక్క కనిపెట్టిన కథ ముచ్చటైనది.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ కళాప్రదర్శనశాలలోని ఉపన్యాస మందిరంలో, చెప్పిన మాట ఎవరికీ అర్థం కావడం లేదని ఫిర్యాదు వచ్చింది. దాన్ని బాగుచేసే పని వాలెస్ సబైన్ అనే ఇరవై ఏడేళ్ళ భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు, ఊరు సద్దుమణిగాక, సెకనుకు 512 కంపనాలు చేసే ఆర్గాన్ గొట్టాన్ని మోగించి ఆపి, శబ్దం వినబడకుండా పోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో కొలిచాడు. అయిదు సెకన్లకు పైగా పట్టింది. అంటే మొదటి మాట చావకముందే పది పదిహేను మాటలు వచ్చి మీద పడతాయి. దగ్గరలోని శాండర్స్ నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఒక్కొక్క వరుసే పరుస్తూ మళ్ళీ కొలిచాడు. మెత్తలు పెరిగినకొద్దీ కాలం తగ్గింది. అన్నీ పరిచేసరికి దాదాపు ఒక సెకనుకు దిగింది. తెల్లవారేలోగా మెత్తలన్నీ తిరిగి నాటకశాలకు చేర్చేవారట. 1900లో ప్రారంభమైన బోస్టను సింఫనీ హాలును ఈ లెక్కతోనే రూపొందించారు.

సబైన్ సూత్రం చాలా సులభమైనది. గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకొని, 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాదకాలం సెకన్లలో వస్తుంది. శోషణకు ఆయన పెట్టుకున్న కొలత తెరిచిన కిటికీ. కిటికీలోనుంచి పోయిన శబ్దం తిరిగి రాదు. కాబట్టి ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఒక పాలు శోషణ. (ఈ పాలు తాగే పాలు కాదు.) గ్రానైటు, అద్దం, రంగు వేసిన సున్నపు గోడ తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులే మింగి, మిగతాదంతా తిప్పి కొడతాయి. మందమైన తెరలు, తివాచీలు, దూది మెత్తలు, సన్నని రంధ్రాలున్న పైకప్పు పలకలు సగానికి పైగా మింగగలవు. బట్టలు కట్టుకున్న మనిషి దాదాపు అర చదరపు మీటరు కిటికీతో సమానం.

పదిహేను మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు గల విందుశాలను తీసుకోండి. ఘనపరిమాణం 600. నేల, కప్పు, గోడలు అన్నీ కలిపి 500 చదరపు మీటర్లు. అన్నీ గట్టివే అయితే, నూటికి మూడు చొప్పున శోషణ 15. ఎనభైమంది జనం వల్ల ఇంకో 40 వచ్చి మొత్తం 55. ప్రతినాదకాలం 1.76 సెకన్లు. ఇప్పుడు పైకప్పుకు మాత్రం నూటికి 70 వంతులు మింగే పలకలు బిగించామనుకోండి. శోషణ 155 దాటుతుంది; కాలం 0.62 సెకన్లకు దిగుతుంది. గదిలో పేరుకొనే గోల మూడో వంతుకు, అంటే సుమారు 4.5 డెసిబెల్లు తగ్గుతుంది.

ఇంతేనా అనిపిస్తుంది. కాని కథ ఇక్కడ ఆగదు. 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి చెవి వైద్యుడు ఒక సంగతి ప్రకటించాడు. మాట్లాడుతున్న మనిషి చెవిలో గోల పెడితే, అతడు తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. గోల ఆపగానే తగ్గిస్తాడు. చెవుడు నటించేవారిని పట్టుకోవడానికి ఇది పనికివచ్చింది. నిజంగా చెవుడైతే గొంతు మారదు కదా! విందుశాలలో జరిగేది ఇదే. పక్క బల్లవాళ్ళ గోలకు మనం గొంతు పెంచుతాము. మన గొంతుకు వాళ్ళు పెంచుతారు. గోల ఒక డెసిబెల్ పెరిగితే మనిషి సుమారుగా అర డెసిబెల్ గొంతు పెంచుతాడని కొలతలు చెబుతున్నాయి. మన లెక్క తిరగేసి చూడండి. పలకలవల్ల గోల 4.5 తగ్గింది. అందరూ గొంతు 2.25 తగ్గిస్తారు. దానివల్ల గోల మరో 2.25 తగ్గుతుంది. అందుకని మళ్ళీ గొంతు 1.125 తగ్గిస్తారు. ఈ గుణశ్రేఢి మొత్తం కూడితే 9. అంటే పైకప్పు పలకలు చేసిన ఉపకారాన్ని మనుషులే రెట్టింపు చేస్తున్నారు. గ్రానైటు చేసిన అపకారాన్నీ అట్లాగే రెట్టింపు చేస్తారు.

జనం సంఖ్యకు కూడా ఇదే న్యాయం. ఎనభైమంది బదులు ఇరవైమందే ఉంటే మాట్లాడే నోళ్ళు నాలుగో వంతు. దానివల్ల 6, పై న్యాయంతో 12 డెసిబెల్లు తగ్గాలి. మనుషులు మింగే శబ్దం కూడా తగ్గుతుంది గనుక పూర్తిగా 12 దక్కదు. అయినా చాలా లాభం. హైదరాబాదులో జనం భోజనానికి ఆలస్యంగా బయలుదేరుతారు. తొమ్మిదింటికి నిలబడ చోటు లేని హోటలు ఏడింటికి ఖాళీగా ఉంటుంది. ఆదివారం రాత్రి వినబడని చోటే మంగళవారం సాయంత్రం వినబడుతుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయం ఏ నక్షత్రాల పట్టికలోనూ ఉండదు. పెద్దవారికి పెందలాడే తినడం ఒంటికి కూడా మంచిదే కాబట్టి ఒప్పించడం కష్టం కాదు. కుర్రకారును ఒప్పించడమే కష్టం.

గోల వల్ల తినే వస్తువు రుచి కూడా మారుతుందనడం అతిశయోక్తి కాదు. పెద్ద చప్పుడు వింటూ తిన్నవారికి అదే పదార్థంలో తీపి, ఉప్పు తక్కువగా తోచాయని 2011లో ప్రకటించిన ప్రయోగాలలో తేలింది. పెద్దవారికి ఎటూ వాసన పట్టే శక్తి తగ్గి ఉంటుంది. ఇంకొక సంగతి. మనం రెండు గంటలు కూర్చుని లేచి వస్తాము. వడ్డించే కుర్రవాళ్ళు ఆ గోలలో రోజంతా తిరుగుతారు. 85 డెసిబెల్లలో ఎనిమిది గంటలకు మించి ఉండరాదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ వ్యవధి సగానికి తగ్గించాలనీ వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. కర్మాగారంలో అయితే దీన్ని గురించి అడిగే ఇన్‌స్పెక్టరు ఉంటాడు. హోటలులో అడిగేవారిని నేను చూడలేదు.

ఇక బల్ల. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్లు తగ్గుతుంది. ముప్పావు మీటరు దూరాన కూర్చున్న మనిషి మాటకూ, మూడు మీటర్ల దూరాన పొడుగు బల్ల అవతలి కొసనున్న మనిషి మాటకూ 12 డెసిబెల్లు తేడా. గదిలో ప్రతినాదం కలిసి ఈ తేడా కొంత తగ్గినా, కలిసినది స్పష్టమైన మాట కాదు, మసక మాట. మరి పెద్దాయనను గౌరవంగా బల్ల కొసన కూర్చోబెట్టడమంటే అందరికంటె దూరంగా కూర్చోబెట్టడమే. ఆ తప్పు మేమే చేశాము. మన పంక్తి భోజనంలో ఈ బాధ లేదు. అక్కడ ఎదురు వరుసతో మాట్లాడనక్కరలేదు. వడ్డించేవారే ప్రతి ఆకు దగ్గరికీ వచ్చి, వంగి, ముఖం చూసి అడుగుతారు.

ముఖం చూడటం అన్నమాట దగ్గర కొంచెం ఆగాలి. మనం మాటను చెవితో మాత్రమే వినము. 1976లో మెగర్క్, మక్‌డొనాల్డ్ అనే శాస్త్రజ్ఞులు ఒక వింత చూపించారు. తెరమీద మనిషి నోరు 'గ' అంటూ ఉంటే, దానికి 'బ' అన్న శబ్దం జతచేశారు. చూసినవారిలో చాలామందికి రెండూ కాక 'ద' వంటి ధ్వని వినబడింది. కళ్ళు మూసుకుంటే 'బ' అనే వినిపించింది. కంటికీ చెవికీ ఇంత పొత్తు ఉన్నది. పైగా ఆ పొత్తు పెద్దవారికి ఎంతో కలిసివస్తుంది. ప, క, చ, త లలో తేడా ముసలి చెవికి అందదు; కాని ప కారానికి పెదవులు కలుస్తాయి, మిగతా మూడింటికీ కలవవు. ప, బ లలో తేడా కంటికి అందదు. బ కారంలో తంత్రులు మోగుతాయి కాబట్టి ఆ తేడా చెవి పట్టుకుంటుంది. ఒకటి పోగొట్టుకున్నది రెండోది తెచ్చి ఇస్తుంది. దీనికి కావలసినదల్లా మాట్లాడేవారి ముఖం మీద వెలుగు. ఇప్పటి ఖరీదైన హోటళ్ళలో అందం కోసమని చీకటి చేస్తారు. అరవై ఏళ్ళ కంటి లోపలి తెరకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో మూడో వంతు మాత్రమే. కొవ్వొత్తి వెలుగులో మనవరాలి పెదవులు తాతకు కనబడవు. సరుకుల జాబితా కూడా కనబడదు గనుక పక్కవారు ఏది తింటే అదే తనకూ తెమ్మంటాడు.

ఇంత చదువూ చదివి, మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి వెంటబెట్టుకొని నాలుగు హోటళ్ళు చూసి వచ్చాను. నా దగ్గర ఉన్న సాధనాలు రెండు. ఒకటి సెల్‌ఫోనులోని శబ్దమాపకం. దానిలో రెండు మూడు డెసిబెల్లు అటూ ఇటూ ఉండవచ్చుగాని, ఒక చోటును ఇంకో చోటుతో పోల్చడానికి సరిపోతుంది. రెండోది ఒక చీటీ. దానిమీద పాలు, కాలు, చాలు, తాలు, పాడు, కాడు, తాడు వంటి ఇరవై మాటలు కలగాపులగంగా రాసుకున్నాను. మిత్రుడు బల్ల అవతల కూర్చొని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చదువుతాడు. నేను విన్నది రాస్తాను. ఖాళీగా ఉన్న హాలులో అయితే మూడో పరీక్ష, ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టడం. చప్పుడు వెంటనే తెగితే మంచిది. తోక మిగిలితే బయటికి నడవడం మేలు. చప్పట్లకు వడ్డించేవారు పరుగెత్తుకొని రావడం ఒక్కటే ఇబ్బంది.

మొదటిది మేము ఇంతకుముందు వెళ్ళిన రకం అద్దాల హోటలే. 81 డెసిబెల్లు. ఇరవై మాటలలో నాకు, ముప్ఫై ఏళ్ళ చెవికి, పదకొండు అందాయి. రెండోది మేడమీద ఆరుబయట. పైకప్పు లేదు గనుక సబైన్ లెక్కన అది అంతా తెరిచిన కిటికీయే; ప్రతినాదం లేదు. సంతోషించేలోగా కింద రోడ్డుమీద హారన్లు, పక్కన పెద్ద పాటల పెట్టె మొదలయ్యాయి. మూడోది పాతకాలపు పెద్ద హోటలు భోజనశాల. తివాచీలు, మఖమలు తెరలు, మెత్తటి కుర్చీలు, బల్లలమీద మందమైన గుడ్డలు. మాపకం 66 చూపింది. ఇరవైకి పద్ధెనిమిది మాటలు వచ్చాయి. మొదటి హోటలుతో పోలిస్తే 15 డెసిబెల్లు తక్కువ, అంటే తీవ్రతలో 30వ వంతు. అయితే అక్కడ చీకటి, భోజనం సామాన్యం, ధర అసామాన్యం.

నాలుగోది ఆంధ్ర భోజనం పెట్టే మెస్సు. నాన్నగారికి ఇష్టమైన ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు అన్నీ అక్కడ ఉన్నాయి. కాని స్టీలు పళ్ళేలు, నాపరాళ్ళ నేల, పింగాణీ పలకల గోడలు. 79. రుచి చూస్తే ఇది, వినికిడి చూస్తే మూడోది. పుట్టినరోజునాడు మనిషికి పప్పు ముఖ్యమా, మాట ముఖ్యమా అంటే మాటే అని నా అభిప్రాయం. మూడోదానికే బయానా ఇద్దామని లేస్తూ ఉంటే, మెస్సు యజమాని పై అంతస్తులో తమ సరుకులు పెట్టుకునే గది ఒకటి ఉన్నదనీ, పన్నెండుమందైతే అక్కడ కూర్చోవచ్చుననీ అన్నాడు.

వెళ్ళి చూశాను. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. చప్పట్లు కొడితే తోక ఉన్నది. కాని 60 ఘనమీటర్ల గదిలో పన్నెండుమంది కూర్చుంటే, వట్టి గోడలతోనే కాలం 1.1 సెకన్లకు వస్తుంది. ఒక గోడకు మందపాటి దుప్పట్లు వేలాడదీసి, నేలమీద జంపఖానాలు పరిస్తే ముప్పావు సెకను లోపుకు దించవచ్చు. అన్నిటికీ మించి, అక్కడ మా గోల తప్ప ఇంకొకరి గోల ఉండదు. దుప్పట్లు ఎందుకని యజమాని అడిగాడు. సబైన్ కథ చెప్పాను. సందేహంగా చూసి, మరకలు పడితే చాకలి ఖర్చు మాదేనన్నాడు. ఒప్పుకున్నాను.

మంగళవారం సాయంత్రం ఏడింటికి చేరాము. రెండు బల్లలను పొడుగ్గా కాక పక్కపక్కన చేర్చి చదరంగా చేశాము. నాన్నగారిని గోడ వైపు నడిమి కుర్చీలో కూర్చోబెట్టాము. గోడ వెనక ఉంటే వెనకనుంచి వచ్చే చప్పుడు ఉండదు. అందరి ముఖాలూ ఎదురుగా ఉంటాయి. ఆయనకు ఎడమ చెవి కొంచెం మేలు గనుక, మెల్లగా మాట్లాడే అమ్మను ఎడమవైపు కూర్చోబెట్టాము. కిటికీ వెలుగు మా వీపుల మీద పడి ముఖాలు నల్లగా కనబడకుండా తెర దించి, పైదీపాలు రెండూ వేయించాము. పిల్లలు పాటలు పెడతామంటే భోజనాలయ్యాక అన్నాము.

పప్పు వడ్డన అయింది. మా అక్కయ్య కూతురు ఏడేళ్ళది, గరిటె పట్టుకొని తాత ఎదురుగా నిలబడి, పెద్దగా అరవకుండానే "చాలా, తాతయ్యా?" అని అడిగింది. బల్ల చుట్టూ ఒక్కసారిగా మాటలు ఆగాయి. బావగారు నావైపు చూశారు.

"చాలదమ్మా, ఇంకొక గరిటె వెయ్యి" అన్నారు నాన్నగారు. తరువాత ఆవకాయ ఎక్కడున్నదని అడిగారు.